మేత వేసేవాడి మాట

కుందేళ్లు మధ్యాహ్నం రెండింటికి నిద్రపోతాయని ఆ ఉద్యోగంలో చేరేదాకా నాకు తెలియదు. కళ్లు మూసుకోవు. తెరిచిన కళ్లు తెరిచినట్టే ఉంటాయి, ముక్కు కదలడం మాత్రం ఆగిపోతుంది. ఆ వేళప్పుడు మా కాలేజీ వెనకున్న యానిమల్ హౌస్‌లోకి అడుగుపెడితే మనకి కూడా మాట పెగలదు. పొడుగాటి పెంకుటిల్లు, ముందూ వెనకా వరండాలు, వరసగా తీగల గూళ్లు, ఎండుగడ్డి వాసన. సముద్రం మీది గాలి ఒక గుమ్మంలోంచి వచ్చి ఇంకో గుమ్మంలోంచి పోయేది. హార్బర్‌లో ఓడ కూసేది. ఒకటి రెండు చెవులు లేచి మళ్లీ వాలిపోయేవి. ఏ పని మీద వచ్చానో మర్చిపోయి నేను అక్కడే నిలబడిపోయేదాన్ని.

ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏళ్లన్నీ అలాంటి మగతలోనే గడిచాయనిపిస్తుంది. అది మగత కాదు, బద్ధకం అంటుంది మా అక్క. కావచ్చు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, అది ఎప్పుడూ రావలసిన చోట రాదు. కూరగాయల వాడి మీద వస్తుంది, రిక్షావాడి మీద వస్తుంది, ఆఫీసు గుమ్మం తొక్కగానే ఎటో పోతుంది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది నేను అక్కడ టైపిస్టుగా చేరాను. మందుల గురించీ శరీరం గురించీ చదువు చెప్పే కాలేజీ. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడు అందులో ఆనాటి వాళ్లెవరూ లేరు. మా నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఇనప ఖనిజం దుమ్ము మా ఇంట్లో కిటికీ ఊచల మీదా, తలగడల మీదా ఎర్రగా పేరుకునేది. నేను ఉతికిన తెల్లచీర కట్టుకుని బయల్దేరితే బస్సు దిగేసరికి అది గోధుమరంగుకి తిరిగేది. యానిమల్ హౌస్‌లో తెల్ల కుందేళ్లని మొదటిసారి చూసినప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఇవి ఇంత తెల్లగా ఎలా ఉన్నాయి అని.

అవి అంత తెల్లగా ఉండడానికి కారణం అక్కడి అటెండరు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నల్లగా, సన్నగా, మాట్లాడేటప్పుడు మనిషిని కాకుండా మనిషి చేతుల్ని చూసేవాడు. కూర్మన్నపాలెం దగ్గర వాళ్లకి రెండెకరాల పొలం ఉండేది. స్టీల్ ప్లాంటు కోసం ఊరు ఊరంతా తీసుకున్నారు. ఇంటికొక ఉద్యోగం ఇస్తామని నిర్వాసితుల ఆర్ కార్డు చేతిలో పెట్టారు. ప్లాంటు ఎప్పుడు లేస్తుందో తెలియదు, ఉద్యోగం ఎప్పుడు పిలుస్తుందో తెలియదు. ఎద్దుల్ని అమ్మేసి, కార్డుని మడతపెట్టి పెట్టెలో దాచి, మా కాలేజీకి వచ్చి కుందేళ్లకి మేత వెయ్యడం మొదలుపెట్టాడు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని.

మా దగ్గర కుందేళ్ల పని ఏమిటో చెప్పాలి. ఊళ్లోని ఒక ఆసుపత్రికి సెలైన్ సీసాలు మా కాలేజీలోనే తయారయ్యేవి. వాటిలో జ్వరం తెప్పించే మలినం ఏదైనా కలిసిందేమో మనిషికి ఎక్కించే ముందే తెలియాలి. అందుకని ఆ నీళ్లు కొంచెం కుందేలు చెవి నరంలోకి ఎక్కించి, థర్మామీటరు పెట్టి గంటగంటకీ చూసేవాళ్లు. కుందేలుకి జ్వరం వస్తే ఆ సీసాలన్నీ పారబోయాలి. రాకపోతే సీసాలు ఆసుపత్రికి, కుందేలు గూటికి. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుని అదే కుందేలు మళ్లీ వస్తుంది.

ఏ ప్రయోగానికి ఏ జంతువుని వాడాలన్నా ముందు ఒక కమిటీ ఒప్పుకోవాలి. ఎన్ని, ఎందుకు, ఎంత నొప్పి, ఆ తర్వాత వాటి సంగతేమిటి అని అడిగి తేల్చడం దాని పని. ప్రిన్సిపాల్, ఇద్దరు ప్రొఫెసర్లు, బయటినుంచి ఒక పశువుల డాక్టరు, ఒక స్కూలు హెడ్‌మిస్ట్రెస్. మొత్తం అయిదుగురు. వాళ్లు ఏం తేల్చారో రాసి టైపు చెయ్యడం నా పని.

నేను చేరినప్పటి ప్రిన్సిపాల్ సబ్బవరం వైపు రైతు బిడ్డ. పెద్ద పెద్ద చదువులు చదివి కూడా నడక మాత్రం గట్టు మీద నడిచే మనిషి నడకే. ఆయన కమిటీని గదిలో కూర్చోనిచ్చేవారు కాదు. గదిలో కూర్చుంటే కాగితం తప్ప ఏమీ కనపడదని యానిమల్ హౌస్ వరండాలో నిలబెట్టి మీటింగు పెట్టేవారు. అందరూ గూళ్ల ముందు నిలబడేవాళ్లు. హెడ్‌మిస్ట్రెస్ గారు గొడుగు మడిచి చేత్తో పట్టుకుని నిలబడేవారు. నేను గూటి మీద పుస్తకం ఆనించి రాసుకునేదాన్ని. కిందనుంచి ఏదో ఒక కుందేలు నా చీర కుచ్చెళ్లని వాసన చూసేది.

నేను చూసిన మొదటి మీటింగులో ఫార్మకాలజీ ప్రొఫెసరు పన్నెండు కుందేళ్లు కావాలన్నారు. కాగితం చదవడం అయింది, నలుగురూ తల ఊపారు. ప్రిన్సిపాల్ ఊపలేదు. వెనక్కి తిరిగి, నీళ్ల తొట్టి పక్కన నిలబడ్డ అటెండరుని చూశారు.

"ఏటయ్యా, నువ్వేటంటావు?"

"నాలుగియ్యగల్ను బాబూ. మిగతా ఎనిమిదీ మొన్నే పని సేసినాయి. ఇంకా తేరుకోనేదు."

"తేరుకోలేదని నీకెలా తెలుసు?" అన్నారు ప్రొఫెసరు.

"ఆకేత్తే సివరాకరికి లేత్తన్నాయి బాబూ. తేరుకున్నదైతే నా అడుగు సప్పుడికే లేత్తాది."

"నాలుగే," అన్నారు ప్రిన్సిపాల్. ప్రొఫెసరు మొహం మాడ్చుకున్నారు గానీ నాలుగే తీసుకున్నారు.

ఇదేం పద్ధతో నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం టీ తాగుతూ వరండా మెట్ల మీద అటెండరునే అడిగాను. అతను వేళ్లతో గడ్డిపరకలు విడదీస్తూ చెప్పాడు.

"మా ఊర్ల ఎవులైనా దుక్కికి ఎద్దుల్ని అడగడానికొత్తే ఆసామి సరేనంటే సాలదమ్మా. మేతేసీవోడు కూడా సరేననాల. ఆసామికేటి తెలుత్తాది, ఎద్దు పొద్దుట కుడితి తాగిందో నేదో? మేతేసీవోడు ఒద్దంటే ఆసామి కూడా ఇవ్వడు. ఓ పాలి ఈ ప్రిన్సిపాల్ బాబుతో అదే సెప్పినాను. 'మా నాయన కూడా అలాగే అడిగీవోడురా' అన్నారు. ఆ మరసటి మీటింగు కాణ్ణించి నన్ను అడుగుతన్నారు."

అలా ఒక పల్లె కట్టుబాటు మా కమిటీలోకి వచ్చి నిలబడింది. పని చేసిన జంతువుకి విశ్రాంతి ఎన్ని రోజులన్నదీ అతనే చెప్పేవాడు. విశ్రాంతిలో ఉన్న కుందేలు గూటి తీగల్లో చిన్న తాటాకు ముక్క దోపేవాడు. ఆకున్న గూటి జోలికి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు, తలపొగరు విద్యార్థులు కూడా. గాలి వచ్చినప్పుడు ఆ ఆకులన్నీ సన్నగా చప్పుడు చేసేవి. ఆ చప్పుడు వింటూ మెట్ల మీద కూర్చుంటే నాకు లోకంలో అన్నీ సరిగ్గా ఉన్నాయనిపించేది. ఆ రోజుల్లో నాకు అలా అనిపించడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు.

మీటింగు అయ్యాక నేను ఇంగ్లీషులో రాసేదాన్ని. చర్చ అనంతరం నాలుగు కుందేళ్లకు అనుమతి ఇవ్వడమైనది. ఆ చర్చ ఎవరిదో ఎక్కడా రాయలేదు. అలా రాయడమే పద్ధతని నాకు నేర్పారు, నేను బాగా నేర్చుకున్నాను. ప్రిన్సిపాల్ కూడా అటెండరుని కమిటీలో వేసినట్టు ఏ కాగితమూ రాయలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ అవసరం రాలేదు. నోటిమాటతో నడిచే ఊళ్లో పుట్టిన మనిషి, నోటిమాట కుర్చీ దిగాక కూడా నడుస్తుందనుకున్నారు.

ఆయన రిటైరైన రోజు దండలు వేశారు, ఫోటో తీశారు. సాయంత్రం ఒక్కరే యానిమల్ హౌస్‌కి వచ్చి గూళ్ల మధ్య ఆ చివరనుంచి ఈ చివరకి నడిచారు. "జాగ్రత్తయ్యా," అన్నారు అటెండరుతో. "అలాగే బాబూ," అన్నాడతను. అప్పగింతలన్నీ అంతే.

కొత్త ప్రిన్సిపాల్ వేరే ఊరినుంచి వచ్చారు. ఆయన చెడ్డవారు అని చెప్పడం నాకు సులువు, కానీ కాదు. వేళకి వచ్చేవారు, ఎవరినీ ఏకవచనంతో పిలిచేవారు కాదు, మా టైపిస్టుల గదికి ఫ్యాను వేయించింది ఆయనే. ప్రతిదీ కాగితం మీద ఉండాలి, అంతే ఆయన పట్టు. వచ్చిన రెండో వారం నన్ను పిలిచి, కమిటీని కొత్తగా వేస్తున్నామనీ, పాత ఫైలు చూసి సభ్యుల జాబితా టైపు చేసి తెమ్మనీ చెప్పారు.

ఫైలు తీశాను. పాత ఆర్డరులో అయిదుగురే ఉన్నారు. టైపు మిషను ముందు కూర్చుని ఒకటి నుంచి అయిదు దాకా కొట్టాను. అయిదు తర్వాత కాగితంలో చోటుంది. ఆరో వరస మీదికి రోలరు తిప్పి వేళ్లు గాల్లో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను కూడా. లోపలికి వెళ్లి, అయ్యా, ఇంకొకాయన ఉన్నాడు, రాతలో లేడు గానీ మూడేళ్లుగా ఆయన్ని అడగకుండా ఏదీ తేలలేదు అంటే సరిపోయేది. ఆయన అడిగి తెలుసుకునేవారు కూడా. కానీ ఆయన బల్ల మీదే నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం సంతకం కోసం ఎదురుచూస్తోంది. అటెండరుని పక్కన కూర్చోబెట్టమని అడిగే టైపిస్టుని చూసి ఆయన ఏమనుకుంటారో అని భయమేసింది. కాగితం లాగేసి లోపలికి తీసుకెళ్లాను. ఆయన రెండు కాగితాల మీదా ఒకేసారి సంతకం పెట్టారు.

మీటింగు ఇక మీద కాన్ఫరెన్సు హాల్లో. పొడుగు బల్ల, పింగాణీ కప్పులు, కిటికీకి ఆకుపచ్చ పరదాలు. ఆరు కుర్చీలు వేశారు. అయిదు సభ్యులకి, ఆరోది రాసుకునేదానికి, అంటే నాకు. మూడేళ్లలో మొదటిసారి కూర్చుని రాసుకోబోతున్నందుకు నేను లోపల సంతోషించాను కూడా. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం.

తలుపు దగ్గర అలికిడైంది. చూస్తే అటెండరు. ఇస్త్రీ చొక్కా, తడి దువ్వెనతో దువ్విన జుట్టు. మీటింగని ఎవరు చెప్పారో తెలియదు. ఎవరూ చెప్పక్కర్లేదు, నెలలో మొదటి శుక్రవారం మీటింగని అతనికి తెలుసు. లోపలికి చూశాడు. కుర్చీలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. ఆరో కుర్చీ దగ్గరకి వచ్చేసరికి అందులో నేనున్నాను. నేను తలవంచుకుని పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టాను. మళ్లీ తలెత్తేసరికి గుమ్మంలో పరదా మాత్రమే ఊగుతోంది.

సాయంత్రం వెళ్లాను. కుందేళ్లకి నీళ్లు పోస్తున్నాడు.

"వచ్చి వెళ్లిపోయావేం బాబాయ్?"

"కుర్సీలు నిండిపోనాయి కదమ్మా. ఈటికి నీళ్ల ఏళయింది, ఒచ్చీసినాను."

అంతకంటే ఏమీ అనలేదు. అంటే బాగుండేదని ఇన్నేళ్ల తర్వాత కూడా అనుకుంటాను.

తర్వాతి ఏళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మీటింగు గంట నుంచి అరగంటకి వచ్చింది, అరగంట నుంచి పావుగంటకి. తర్వాత అందరికీ ఒకేసారి తీరిక దొరకడం కష్టమని ఫైలే తిరగడం మొదలైంది. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి, అక్కడినుంచి జీపులో పశువుల డాక్టరు గారింటికి, హెడ్‌మిస్ట్రెస్ గారి స్కూలుకి. ప్రతివాళ్లూ సమ్మతమే అని రాసి సంతకం పెట్టేవాళ్లు. ఆ ఫైలు ఒక్క యానిమల్ హౌస్‌కి తప్ప ఊరంతా తిరిగేది. అటెండరు మాత్రం తాటాకు ముక్కలు దోపడం మానలేదు. అలవాటు కొద్దీ చాలామంది వాటిని మన్నించేవాళ్లు కూడా. మా ఇంటి కిటికీ ఊచల మీద దుమ్ము ఇంకా ఎర్రబడింది. కూర్మన్నపాలెం వైపు రాత్రీ పగలూ లారీలు తిరుగుతున్నాయని, పునాదులు తవ్వుతున్నారని చెప్పుకునేవాళ్లు. మెట్ల మీద మేం కలిసి టీ తాగడం మాత్రం తగ్గిపోయింది. తగ్గించింది నేనే.

ఒక వేసవిలో ఊళ్లో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఆసుపత్రి వరండాల్లో కూడా మనుషులు. సెలైన్ ఎంతున్నా చాలడం లేదు. విశ్రాంతి లెక్కలు పక్కన పెట్టి ఉన్న కుందేళ్లన్నిటినీ రోజూ వాడుకోవడానికి అనుమతి కోరుతూ ఫైలు బయల్దేరింది. ఒక్క పూటలో అయిదు సంతకాలూ పడ్డాయి. నేనూ సరైనదే అనుకున్నాను. మనుషులు పోతుంటే కుందేలు అలసట గురించి ఏం మాట్లాడతాం?

మూడో రోజు మధ్యాహ్నం అటెండరు మా గది గుమ్మంలోకి వచ్చాడు. అతను ఆ గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి.

"అమ్మా, ఈటికి ముందే ఒళ్లు కాలిపోతంది. సీసాలు మంచియే అయినా ఈటికి జొరం సూపిత్తాది. ఆ జొరం సూసి వోళ్లు సీసాలు పారబోత్తారు. పది కుందేళ్లని రెండు రోజులు పని సెప్పకుండా ఒగ్గీమను, సాలు. ఆటి మాట నమ్మొచ్చు."

నేను ఏమన్నానో తెలుసా? "రాసి ఇవ్వు బాబాయ్, పంపిస్తాను," అన్నాను. సంతకం తప్ప ఇంకో అక్షరం రాయడం రాని మనిషితో. నా చేతిలో పెన్ను ఉంది, ముందు కాగితం ఉంది. నేనే రాయవచ్చని నాకు అప్పుడు తట్టలేదంటే మీరు నమ్మరు. నేనూ నమ్మను. అతను కాసేపు నా చేతుల్ని చూసి వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు సీసాలు పారబోశారు. కుందేళ్లకి జ్వరం వచ్చింది, సీసాల్లో మలినం ఉందని రాసుకున్నారు. ముందుగా కుందేలు ఒళ్లు చూసుకుని, వేడిగా ఉంటే పక్కన పెట్టాలని నియమం ఉంది. ఆ తొందరలో చూసినవాళ్లు లేరు. యానిమల్ హౌస్ వెనక కాలువ పక్కన ఇద్దరు మనుషులు కూర్చుని ఒక్కో సీసా మూత తీసి వంచుతున్నారు. మంచి ఎండ. నీళ్లు తళతళమంటూ సన్నటి ధారగా కాలువలోకి పోతున్నాయి. చప్పుడే లేదు. ఆ దృశ్యం ఎంత అందంగా ఉందంటే నేను కదలలేకపోయాను. అంత అందంగా ఉన్నందుకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాలుగు రోజుల తర్వాత, మిగిలిన సీసాలు కొన్నిటిని వేరే చోటనుంచి తెచ్చిన కుందేళ్లతో చూశారు. మంచి సీసాలే. పారబోసినవీ ఆ గుంపులోవే. ఆ నాలుగు రోజులూ ఆసుపత్రిలో ఎవరికి సెలైన్ అందలేదో, ఎవరికి ఏమైందో నాకు తెలియదు. నేను అడగలేదు. ఆదివారం మా చర్చిలో ఒప్పుకోలు ప్రార్థనప్పుడు, చేయవలసిన పనులు చేయకుండా విడిచిపెట్టామని అందరితో కలిసి పలికేటప్పుడు నా నోరు మాత్రం పలకలేదు.

ఆ సోమవారం సెలవు పెట్టి పాత ప్రిన్సిపాల్ గారింటికి వెళ్లాను. జాలరిపేట దాటాక, సముద్రం కనపడే చిన్న ఇల్లు. వీధరుగు మీద ఒడిలో పేపరు పెట్టుకుని కునుకు తీస్తున్నారు. కింద ఇసకలో నాటుపడవలు బోర్లించి ఉన్నాయి. ఆడవాళ్లు తట్టలు పెట్టుకుని చేపలు ఏరుతున్నారు. ఆయన కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. జరిగిందంతా చెప్పాను. అటెండరు పేరు ఆర్డరులో లేదని చెప్పాను. నేను వదిలేశానని మాత్రం చెప్పలేదు.

"నేను రాయలేదా?" అన్నారు.

"లేదండి."

"రాశాననే అనుకున్నానమ్మా." ఒడిలో పేపరు మడిచి పక్కన పెట్టారు. "అడగడం ముఖ్యం అనుకున్నాను. రాయడం కూడా ముఖ్యమే. ఎంత తెలివితక్కువ పని చేశాను!"

లోపలికి వెళ్లి ఉత్తరం రాసి తెచ్చారు. మేత వేసే మనిషి మాట కమిటీకి ఎందుకు అవసరమో, తను అతన్ని ఎందుకు అడిగేవారో, ఒక పేజీ. కొత్త ప్రిన్సిపాల్ దాన్ని శ్రద్ధగా రెండుసార్లు చదివారు. కమిటీని మళ్లీ వేసేటప్పుడు తప్పక ఆలోచిస్తామని మర్యాదగా జవాబు టైపు చేయించారు. టైపు చేసింది నేనే. ఉత్తరమూ జవాబూ ఒకే ఫైల్లో పక్కపక్కన చేరాయి. కమిటీ గడువు ఇంకా రెండేళ్లుంది.

ఆ రెండేళ్లు గడవక ముందే స్టీల్ ప్లాంటు నుంచి పిలుపు వచ్చింది. పెట్టెలో మడతపెట్టి ఉన్న కార్డు ఎట్టకేలకి పనికొచ్చింది. ఖలాసీ పని. తన పొలం ఉన్న చోటే ఎక్కడో, ఏ షెడ్డు కిందో. ఇక్కడికంటే మంచి బతుకు, అందరూ సంతోషించారు. నేను సంతోషించలేకపోయాను. అతను వెళ్లిపోతున్నందుకు కాదు. మేం వినడం మానేశాక వెళ్తున్నందుకు.

చివరి రోజు మధ్యాహ్నం రెండింటికి వెళ్లాను. కుందేళ్లు నిద్రలో ఉన్నాయి. మెట్ల మీద చాలాకాలం తర్వాత పక్కపక్కన కూర్చున్నాం. ఇక ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేనని తెలుసు.

"బాబాయ్, ఆ జాబితా టైపు చేసింది నేనే. నీ మాట చెప్పాలని తెలిసే చెప్పలేదు. భయపడ్డాను."

అతను ఆశ్చర్యపోలేదు. "తెల్సమ్మా. ఆ కమిటీ కాయితాలు మిసను కొట్టీది నువ్వొక్కదానివే కదా. అప్పటికి నీ ఉద్యోగం ఇంకా పక్కా అవ్వనేదు. ఆడపిల్లవి, నాను నిన్నేటంటాను?"

"ఒక్క మాటైనా అనొచ్చు కదా!"

"అంటే నువ్వు మెట్ల మీదకి రావడం అసలుకే మానేద్దువు."

నేను ఏడ్చాను. చీర చెంగుతో మొహం మూసుకుని గట్టిగానే ఏడ్చాను, దగ్గర్లో ఒకటి రెండు కుందేళ్లు లేచాయి. అతను కంగారుపడి, ఏ గూట్లోది చివరగా తింటుందో, ఏది చెవి ముట్టుకోనివ్వదో, ఏ తల్లి పిల్లల్ని తొక్కేస్తుందో చెప్పుకుంటూ పోయాడు. నన్ను ఊరుకోబెట్టడానికి అతనికి వచ్చిన మాటలు అవే. నేను కళ్లు తుడుచుకుని మొదటిసారి అతను చెప్పిందంతా రాసుకున్నాను. అప్పటికి అవి ఎవరికి పనికొస్తాయో తెలియదు.

మూడో ప్రిన్సిపాల్ ఒక ఆవిడ. ఎనభైల మధ్యలో వచ్చారు. వచ్చాక, మామూలుగానే, కమిటీని కొత్తగా వెయ్యాలన్నారు. జాబితా టైపు చేసి పట్టుకెళితే కళ్లజోడు సర్దుకుని చదివి, "ఇందులో ఎవరైనా తప్పిపోయారామ్మా?" అని అడిగారు. నా జీవితంలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నిలబడి మొత్తం చెప్పాను. ఎద్దుల్ని అరువడిగే పద్ధతి దగ్గర్నుంచి సీసాల దాకా, నా పెన్సిలు దాకా. ఆవిడ మధ్యలో అడ్డుపడకుండా విన్నారు. పాత ఉత్తరం తీయించి చదివారు. తర్వాత తనే కలం తీసి ఆరో వరసలో రాశారు, యానిమల్ హౌస్ అటెండరు, సభ్యుడు అని. మీటింగు మళ్లీ వరండాలోనే అన్నారు. నేను ఆ కాగితాన్ని టైపు చేసేటప్పుడు ఒక్క తప్పు కూడా పోలేదు.

అతని స్థానంలో వచ్చిన అటెండరు నెమ్మదైన మనిషి. అంతకుముందు ఏవేవో ఆఫీసుల్లో గుమ్మాల దగ్గర పనిచేశాడు. పిలిచి, ఇక మీద నువ్వు కమిటీలో సభ్యుడివి, నువ్వు సరేనంటేనే కుందేళ్లు బయటికి వెళ్తాయి అని చెప్పాను. బాబాయ్ చెప్పగా రాసుకున్న కాగితాలు చదివి వినిపించాను. చేతులు కట్టుకుని అన్నిటికీ తల ఊపాడు.

మొదటి శుక్రవారం వచ్చింది. వరండాలో గాలి, హార్బర్‌లో ఓడ కూత, గూళ్ల ముందు సభ్యులు ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్నారు. ఏళ్ల కిందటి మధ్యాహ్నమే మళ్లీ వచ్చినట్టుంది. కొత్త అటెండరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, అందరికీ దూరంగా నన్ను ఒక పక్కకి పిలిచి, నా కాగితాల వైపు చూస్తూ గుసగుసగా అడిగాడు.

"మేడమ్, నన్నడిగితే ఏటి సెప్పమంటారు?"